డాబా మీద ఆరబెట్టిన ప్లేట్లు

పెళ్ళయిన కొత్తలో మా ఆయన మద్రాసు వెళ్తూ చీర తెస్తానని చెప్పి మూడు గ్రామఫోను ప్లేట్లు పట్టుకొచ్చాడు. ఒక్కోదాన్ని ఆల్బం అనాలట. ఇంగ్లండు కుర్రాళ్ళు నలుగురు కలిసి మొదట్లో చేసినవట. తర్వాత వాళ్ళు చేసినవేవీ వీటికి సాటిరావని ఆయన వాదన. నాకు మూడూ ఒకటే గోల. అయినా పారేయలేదు. డబ్బు పోసి కొన్నదాన్ని పారేసే అలవాటు నాకు లేదు.

ఆయన పోయాక అవి ట్రంకుపెట్టెలో ఉండిపోయాయి. మొన్న వేసవిలో మనవరాలు గుంటూరు నుంచి ఫోన్ చేసింది.

"అమ్మమ్మా, తాతయ్య ప్లేట్లు వినడానికే మిషను కొన్నా. ఆదివారం వస్తా, తీసిపెట్టు."

పెట్టె తెరిస్తే ముక్కిన వాసన. వాసన పట్టిన దేన్నయినా మేము ఎండలో పెడతాం. పరుపులు, కందిపప్పు, చింతపండు, ఏదైనా సరే. చదివింది మూడో తరగతే అయినా ఆ మాత్రం తెలుసనుకున్నాను. డాబా మీద మిరపకాయల పక్కన పాత దుప్పటి పరిచి, ప్లేట్లను అట్టల్లోంచి తీసి ఆరబెట్టాను. మధ్యాహ్నం తిరగెయ్యడానికి వెళ్తే అంచులు పైకి లేచి అప్పడాల్లా ఉన్నాయి. బియ్యం బస్తా కింద పెట్టాను. లొంగలేదు.

ఆదివారం పిల్ల మిషను వెంటబెట్టుకుని వచ్చి, ప్లేట్లు చూసి నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"ఎండలో పెట్టావా! ఇవేమన్నా వడియాలా అమ్మమ్మా?"

"మరి కంపుకొట్టేవి ఇచ్చి పంపనా?"

"ఒక్క ఫోన్ చేసి అడగొచ్చుగా!"

"చేస్తే ఎత్తి చస్తావా నువ్వు?"

ముఖం తిప్పుకుంది. ఏడుస్తోందని తెలిసి నాకు ఇంకా ఒళ్ళు మండింది, నా మీద నాకే.

మిషను మీద పెడితే ముల్లు గెంతుతోంది. మొదటి ప్లేటు పలకలేదు. రెండోదీ అంతే. మూడోదాని మీద ముల్లును జరిపి జరిపి మధ్య బిళ్ళ దగ్గరికి తెచ్చింది. అక్కడ వంకర లేదు. చివరి పాట నిదానంగా మొదలైంది.

"ఇది మీ తాత ఎప్పుడూ వినలేదే," అన్నాను.

"నీకెట్లా తెలుసు?"

"అన్నం తిని కూర్చుంటే రెండో పాటకే గురక. కరెంటు దండగని మిషను కట్టెయ్యడానికి నేనే వచ్చేదాన్ని. వచ్చేసరికి ఇదే పాట."

"రాగానే కట్టేసేదానివా?"

"పాట మధ్యలో ఎట్లా కడతారే?"

పిల్ల కళ్ళు తుడుచుకుని, ముల్లు ఎత్తి మళ్ళీ అక్కడే పెట్టింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

"ఇక చాల్లే, కరెంటు," అన్నాను. లేచి మాత్రం కట్టలేదు.