తుడిచేసిన గడి

రెండువేల ఏడు ప్రాంతంలో, చిక్కబళ్ళాపురంలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పుకుంటున్న రోజుల్లో, ప్రపంచానికి ఒక కొత్త నోట్‌బుక్ తయారుచేసి ఇవ్వాలని పూనుకున్నాను. ప్రపంచం నన్ను అడగలేదు.

అది కాగితాల నోట్‌బుక్ కాదు. కంప్యూటర్ తెర మీద ఒక పేజీ, ఆ పేజీలో గళ్ళు. ఒక గడిలో ప్రోగ్రాం రాసి నొక్కితే దాని కిందే జవాబు వస్తుంది. దాని కింద ఇంకో గడి, ఇంకో లెక్క. అలాంటివి అప్పటికే ఎక్కడెక్కడో కొందరు చేస్తున్నారని తెలుసు. వాటికంటే మంచిది నేను చేస్తానని నమ్మకం. ఆడలేక మద్దెల ఓడన్న రకం నేను. నా లెక్క తప్పినప్పుడల్లా పనిముట్టు బాగాలేదనేవాణ్ణి. చివరికి పనిముట్టే చేయడానికి దిగాను.

బాగేపల్లి దగ్గర పొన్నంపల్లిలో ఉండే మా మేనమామకు ఈ సంగతి చేరింది.

"ఏమప్పా, నోటుబుక్కు చేస్తాండావంట. అంగట్లో దొరకలేదా?" అన్నాడు.

ఎగతాళి అలా ఉంచితే, ఆయనకు పెద్ద కష్టమే వచ్చిపడింది. మల్బరీ తోటకు నీళ్ళిచ్చే బోరు ఎండిపోయింది. ఇంట్లో తట్టల నిండా పట్టుపురుగులున్నాయి, వాటికి పూటపూటకూ ఆకు వేయాలి. కొత్త బోరు వేయించాలి. ఎన్ని అడుగుల దాకా దించాలి, నీళ్ళు పడకపోతే ఎక్కడ ఆపాలి అన్నదే ఆయన దిగులు. "నేను చెప్తా మామా" అన్నాను. నాకు కావలసింది కూడా అలాంటి లెక్కే.

చింతామణిలో బోరు లారీలు నడిపే ఒకాయన దగ్గర పాత పుస్తకాలున్నాయి. ఏ ఊళ్ళో ఎన్ని అడుగులకు నీళ్ళు పడ్డాయో అన్నీ రాసి ఉన్నాయి. వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించాను. ఊళ్ళ పట్టీ మాత్రం తాలూకా ఆఫీసు నుంచి తెచ్చాను. రెండింట్లో ఊళ్ళ పేర్లు కలవక తిరకాసు అక్కడ వచ్చింది. మేము నోటితో పల్లి అంటాం, ఆఫీసు కాగితం మీద హళ్ళి అని ఉంటుంది. ఇంట్లో పాలు, పాల డెయిరీలో హాలు. కన్నడ హ తెలుగులో ప అవుతుందని మా వైపు ఎవరూ ఎవరికీ నేర్పక్కరలేదు. ఈ జ్ఞానాన్నంతా ఒకే గడిలో పెట్టాను. హెచ్ కనబడితే పీ చెయ్యమన్నాను.

కంప్యూటర్ చెప్పింది చెప్పినట్టు చేసింది. హళ్ళులన్నీ పల్లెలయ్యాయి, బాగానే ఉంది. హొసూరు పొసూరైంది. తొండేభావి ట్పొండేబ్పావి అయింది. చింతామణి క్పింతామణి అయి, సొంత ఊరివాళ్ళకే నోరు తిరగకుండా పోయింది. పడీపడీ నవ్వుకుని, వింతగా కనిపించిన పేర్లన్నీ ఒక్కొక్కటే చేత్తో సరిచేశాను. సెంటర్లో తోటి మాస్టర్లకు చూపించాల్సిన పేజీ కదా, పరువు పోతుందని ఆ హెచ్ గడిని తుడిచేశాను.

పొన్నంపల్లిలో నీళ్ళు పడితే ఆరువందల అడుగుల లోపే పడతాయి, ఆపైన దించడం వృథా అని జవాబు వచ్చింది. రంగుల గీతలతో ప్రింటు తీసుకుని, బోరు వేసే రోజున ఊరికి వెళ్ళాను. ఆరువందలకు దిగినా తెల్లటి దుమ్మే లేచింది. లారీ మనిషి "ఇంకా దించాల్నా?" అని అడిగాడు. మామ నా వైపు చూశాడు.

"దీని కింద లేవు మామా" అన్నాను, కాగితం చూపించి.

"నిలిపేయండప్పా" అన్నాడు మామ.

మామను పెద్ద నష్టం నుంచి కాపాడానన్న గర్వంతో బస్సెక్కాను. నెల తిరక్కుండానే పక్క పొలంలో ఎనిమిదివందల యాభై అడుగులకు నీళ్ళు పడ్డాయి. మామ మళ్ళీ వేయిద్దామంటే లారీల కోసం వరసలో ఎంతోమంది ఉన్నారు. ఈలోపు తోట ఎండింది, ఆ విడత పురుగులను పారబోశారు.

తప్పెక్కడుందా అని నా పేజీని మూడు రోజులు చదివాను. పైనుంచి కిందిదాకా కడిగిన కంచంలా ఉంది. నాలుగో రోజు కరెంటు పోయి, బ్యాటరీ కూడా అయిపోయి, నెలలుగా ఆపకుండా నడుస్తున్న కంప్యూటర్ ఆగిపోయింది. మళ్ళీ ఆన్ చేసి మొదటి గడి నుంచి నడిపిస్తే జవాబు తొమ్మిదివందలని వచ్చింది. అదే పేజీ, ఒక్క అక్షరం మారలేదు. అప్పుడు వెలిగింది. నేను తుడిచింది గడిలోని రాతను మాత్రమే. అది చేసిన పని కరెంటు పోయేదాకా కంప్యూటర్ జ్ఞాపకంలో అలాగే ఉండిపోయింది. చింతామణి వైపు హొన్నంపల్లి అని ఒక ఊరుంది, అక్కడ నీళ్ళు పైపైనే పడతాయి. నా గడి దాన్ని కూడా పొన్నంపల్లి చేసి, మామ ఊళ్ళో కలిపేసింది. పొసూరును చూసి నవ్విన నాకు పొన్నంపల్లి వింతగా కనబడలేదు, నిజంగా ఉన్న ఊరు కాబట్టి.

నా నోట్‌బుక్ కాస్త బాగుపడిందంటే అప్పుడే. గడిని తుడిస్తే అది చేసిన పని కూడా పోయేటట్టు, దాని మీద ఆధారపడిన జవాబులన్నీ ఎర్రబడేటట్టు మార్చాను. ఆ తర్వాత పొన్నంపల్లికి వెళ్ళి, తప్పు బోరుది కాదు, నాదేనని మామకు మొదటి నుంచి చెప్పాను. ఆయన మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు.

"ఆరునూర్లకు పడవని నాకు ముందే అనుమానమప్పా. మన పొలం గెనుం పక్కన పాత బోరు తొమ్మిదినూర్లది" అన్నాడు.

"మరి ఎందుకు ఆపించావు మామా?"

"అక్క కొడుకువి, కాగితం పట్టుకొని వచ్చిండావు. పదిమంది ముందర నీ మాట యెట్ల తీసేసేది? నీ కాగితమే నిజమైతే బాగుండునని కూడా అనుకొంటి." మళ్ళీ తనే, "నన్ను ఒక మాట అడిగింటే చెప్పేవాణ్ణి గదా" అన్నాడు.

లారీ ఆయన్ను అడిగాను, తాలూకా ఆఫీసులో అడిగాను. ఆ నేలలో పుట్టి పెరిగిన ఈయన్ను మాత్రం అడగాలని నాకు తోచనే లేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"ఇప్పుడు చెప్పు మామా" అన్నాను. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. రాసుకోవడానికి నా దగ్గర ఒక్క కాగితం ముక్క కూడా లేదు.