మోంజియా పంపిన కుస్కుస్

ట్యునీషియా సైన్యమంతా దిగినా మోంజియా నోట ఒక్క పేరు రాదు. పాపం, ఆ సైన్యమే ఆవిడ చేతి టీ తాగి వెనక్కి పోతుంది. గవర్నరు కచేరీలో నీటి బోర్డు సభ్యుల రహస్య జాబితా టైపు చేసేది ఆవిడే.

ఈసారి తమ్ముడు లజహర్ కూడా దరఖాస్తు పెట్టాడు. "అక్కా, నువ్వు నోరు విప్పొద్దులే. నా పేరుంటే శుక్రవారం కుస్కుస్ పంపు, లేకపోతే మానెయ్," అన్నాడు.

ఏ శుక్రవారమూ తమ్ముడింటికి ఆ గోధుమరవ్వ వంటకం పంపడం మానని ఆవిడ ఆ వారమూ పంపింది. లజహర్ వీధంతా మిఠాయిలు పంచాడు. సోమవారం బయటపెట్టిన జాబితాలో అతని పేరు లేదు.

"ఎందుకు తీసేశారో అదైనా చెప్పవే!" అని గుమ్మంలో నిలబడి అరిచాడు.

"కారణాలు నాకూ చెప్పరురా."

ఆ తర్వాత అతను అక్క గడప తొక్కలేదు. అలవాటుకొద్దీ పంపి పొరబడిందని పక్కింట్లో ఉండే నేను అందరికీ సర్దిచెబుతుంటాను. మోంజియా ఒప్పుకోదు.

"పొరపాటేం కాదు. పంపకపోతే వాడికి తెలిసిపోయేది."