మొదటి చేద నీళ్లు

కప్పను కోసి, చేతులు కడుక్కుని, అదే బల్ల దగ్గర పెరుగన్నం తినేదాన్ని నేను. దయ్యాలూ, గాలి సోకడాలూ అంటూ ఎవరైనా మొదలుపెడితే నవ్వొచ్చేది. తెనాలిలో ఒక కాలేజీలో జువాలజీ చెబుతాను. ఇది చదివి మీరు నవ్వినా నేనేమీ అనుకోను.

నా పరిశోధన నూతుల్లో బతికే చిన్న జీవుల మీద. చూడ్డానికి పురుగుల్లా ఉంటాయి గానీ, రొయ్యలకూ పీతలకూ దూరపు చుట్టాలు. బియ్యపు గింజలో సగం కూడా ఉండవు. గుహల్లో బతికే చాలా జంతువుల్లాగే వీటికీ కళ్లు లేవు, ఒంట్లో రంగు లేదు. మన కాళ్ల కింది నీళ్లలో ఎన్ని యుగాల నుంచో ఉన్నా, శాస్త్రం వీటిని ఈమధ్యే గట్టిగా పట్టించుకుంటోంది.

కిందటి ఎండాకాలం భట్టిప్రోలు దగ్గర ఒక పెరట్లో, వాడకుండా వదిలేసిన ఇటుకల నుయ్యి దొరికింది. మా ల్యాబ్ అసిస్టెంట్ సాంబయ్య గారు నాతో వచ్చారు. నాకు కుడిభుజం లాంటి మనిషి. ఇంటావిడ నాగరత్నమ్మ గారు ఒకే ఒక్క షరతు పెట్టారు.

“మొదటి చేద నూతిదమ్మా. తోడి మళ్లీ నూతిలోనే పొయ్యాలి. రెండోదాని నుంచి మీ ఇష్టం.”

మాకు కావాల్సింది ఆ మొదటిదే. నీళ్లు కదలకముందు తోడితేనే జీవులు బాగా పడతాయి, ఆ తర్వాత చెదిరిపోతాయి. ఆవిడ మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లగానే, వడగట్టి సీసాలో పోయమని సాంబయ్య గారికి సైగ చేశాను. ఆయన కాస్త తటపటాయించి చేద తోడారు. ఆవిడ వచ్చేసరికి సీసా సంచిలో ఉంది. “పోశారా?” అని అడిగితే, “పోశామండి” అన్నాను.

ల్యాబ్‌లో నల్లకాగితం మీద గాజుగిన్నె పెట్టి వాటిని వదిలాను. ముప్ఫై దాకా ఉన్నాయి. మామూలుగా ఎటుపడితే అటు తిరుగుతాయి. ఇవన్నీ ఒకే అంచుకు చేరాయి. వెలుతురేమో అని కిటికీలు మూశాను. గిన్నె తిప్పాను. మళ్లీ అటే పోయాయి. అటువైపు స్టూల్ మీద సాంబయ్య గారు లేబుళ్లు రాసుకుంటున్నారు.

ఆయన్ను ఇవతలికి రమ్మన్నాను. రెండు నిమిషాల్లో అవీ ఇవతలికి వచ్చాయి. బీరువా దగ్గరికి వెళ్లమంటే అటు మళ్లాయి. ఫ్యాన్ ఆపి చూశాను. నేను గిన్నెకు చెయ్యి ఆనించినా ఒక్కటీ నా వైపు రాలేదు.

“నేనంటే మోజేమోనండి మేడమ్,” అని ఆయన నవ్వారు. నాకు మాత్రం మర్నాటి పని గుర్తొచ్చింది. మర్నాడు ఆయన నడుముకు తాడు కట్టుకుని ఆ నూతిలోకి దిగాలి. ఇటుకల సందుల్లోని మట్టి నాకు కావాలి.

పొద్దున్నే ఆ సీసా తీసుకుని ఇద్దరం బస్సెక్కాం. దారిలో చెప్పేశాను, దిగొద్దు, వీటిని తిరిగి పోసేసి వచ్చేద్దామని. కారణం అడగలేదాయన. “మంచిదండి” అన్నారు, అంతే.

నాగరత్నమ్మ గారి ముందు నిజం ఒప్పుకున్నాను. ఆవిడ తిట్టలేదు. సీసా నూతిలో వంచాం. ఇంకా గట్టు దగ్గరే ఉన్నాం, లోపల ఒక పక్క ఇటుకలు పెళపెళా విరిగి నీళ్లలో పడ్డాయి. సాంబయ్య గారు దిగాల్సిన పక్క అదే. ఆ వేళకు ఆయన లోపల ఉండాలి. నేను ఆయన చెయ్యి పట్టుకుని గట్టు నుంచి ఇవతలికి లాగాను.

పాత నుయ్యి, కూలదా మరి? అలాగే సర్దిచెప్పుకున్నాను.

వారం తర్వాత దుగ్గిరాలలో ఒక బోరు నీళ్లలో దొరికినవాటిని అదే గిన్నెలో వదిలాను. ఊరు వేరు, నీళ్లు వేరు, జాతి కూడా వేరు. సాంబయ్య గారు తన స్టూల్ మీదే కూర్చున్నారు. అవి ఆయన వైపు పోలేదు. నా వైపు వచ్చాయి. నేను బల్ల చుట్టూ నడిచాను. నాతోపాటు అవీ తిరిగాయి.

సాంబయ్య గారు గిన్నెను చూశారు, నన్ను చూశారు. ఈసారి నవ్వలేదు.

ఆ తర్వాత ప్రాణమున్నవాటిని ల్యాబ్‌కు తేలేదు. ఏ నూతి గట్టు మీదా వంగలేదు. అవి అలా ఎందుకు చేశాయో నా చదువుకు అందలేదు, ఇప్పటికీ అందదు. ఆ రోజు చేద తోడింది ఆయన. తోడమన్నదీ, పోశామని చెప్పిందీ నేను.