సాంబ్రాణి వాసన పట్టిన కుక్కపిల్ల

మా కుక్కను మొదటిసారి చూసినవాళ్లెవరూ దాన్ని మాలినోయిస్ జాతి కాపలా కుక్క అనుకునేవారు కాదు. ఉప్పల్‌లో టీ కొట్టు దగ్గర మా ఆయనను ఆపి, "ఏందన్నా, అల్సేషియన్‌కు బువ్వ పెడ్తలేవా? గిట్ల బక్కగున్నది!" అని నవ్వేవాళ్లు.

"గోడ దుంకినప్పుడు సూడు, గప్పుడు మాట్లాడు," అనేవాడాయన.

ఆయనది సెక్యూరిటీ ఏజెన్సీలో ఉద్యోగం. నాచారం ఫ్యాక్టరీల గోదాముల చుట్టూ కుక్కను తిప్పుతూ కాపలా కాయాలి. దానికి శిక్షణ ఇవ్వడం నేనొకసారి చూశాను. చేతికి మందపాటి గోనె తొడుగు వేసుకుని ఒక మనిషి పరిగెత్తాడు. ఇది గాల్లోకి లేచి ఆ చేతిని పట్టుకుంది. అంత మనిషీ గిర్రున తిరిగి కింద పడ్డాడు. అప్పుడు నేను కడుపుతో ఉన్నాను. ఆ రోజు నుంచి దాని నోటి వైపు చూడాలంటేనే నాకు దడ.

మా పాపకు మూడో నెల నడుస్తుండగా అదీ ఈనింది. మా పోర్షన్ వెనక రేకుల షెడ్డులో, ఫ్యాక్టరీ ప్యాకింగ్ చెక్కలతో ఆయన చేసిన పెట్టెలో ఏడు పిల్లలు. ఆ పళ్లతోనే బొడ్డుతాళ్లు కొరికి, ఒక్కోదాన్నీ తడి ఆరేదాకా నాకింది. నా కాన్పుకు చుట్టూ ఎంతమంది ఉన్నారో, నేనెంత అరిచానో గుర్తొచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. పాప పడుకున్నాక ఇప్పుడు ఇది రాస్తున్నాను గానీ, ఆ చూసినదానికి సరిపడే మాట నాకింకా దొరకలేదు. ఆయన తప్ప ఎవరు దగ్గరికెళ్లినా గొంతులో గుర్రుమనేది.

ఏడింట్లో ఒకటి మరీ చిన్నది. మా అత్తమ్మ ప్రాణమంతా దాని మీదే. మనవరాలికి స్నానాలు చేయించడానికి జనగామ వైపు నుంచి వచ్చిందామె. పాపను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, సున్నిపిండితో రుద్ది, నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసేది. ఒక వాన పొద్దున మా ఆయన కుక్కను బయట తిప్పడానికి తీసుకెళ్లాడు. ఆ సమయంలో అత్తమ్మ, పాపకు పోయగా మిగిలిన వేణ్ణీళ్లతో ఆ చిన్నదానికీ స్నానం చేయించి, పొగ వేసి, పెట్టెలో పెట్టేసింది. నేను పాపకు పాలిచ్చి, నిద్రపుచ్చి బయటికొచ్చేసరికి ఆయన కుక్కను షెడ్డులో వదిలి డ్యూటీకి వెళ్లిపోయాడు.

తల్లి పెట్టెలోకి దిగింది. పిల్లలన్నిటినీ వాసన చూసింది. చిన్నదాని దగ్గర ఆగి, తుమ్మి, ముక్కుతో పక్కకు నెట్టేసింది. అది పాక్కుంటూ మళ్లీ వచ్చింది. ఈసారి నెట్టేటప్పుడు పళ్లు కనిపించాయి.

"ఓయమ్మ, గట్ల నూకుతదేంది?" అంది అత్తమ్మ. "పొల్లకు పోసినట్టే రెండు చెంబులు పోసిన. గంతే!"

"దాని వాసన పోయిందత్తమ్మా. వేరే పిల్ల అనుకుంటుంది."

"కన్నతల్లికి ఆనవాలు దొరకదా?"

ఆయనకు ఫోన్ చేశాను. ఫ్యాక్టరీ లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, గేటు దగ్గరే ఎక్కడో మోగి మోగి ఆగిపోయింది. ఆ రోజు తెలంగాణ బంద్. ఆటోలు లేవు, కుక్కల డాక్టరు షట్టరు తెరవడు. పెట్టె మూలలో పిల్ల వణకడం కూడా తగ్గిపోయింది. ఒళ్లు చల్లబడితే అంత చిన్నవి బతకవని ఆయన ముందే చెప్పాడు.

మా పాప ఎంత ఏడుస్తున్నా నేను కట్టి విడిచిన చీర కప్పితే ఊరుకునేది. ఉతికిన చీరైతే ఊరుకోదు. పెట్టెలో కూడా పాత చీరే పరిచి ఉంది, పాలతో, ఉచ్చతో తడిసి.

నేను వంగబోతే అత్తమ్మ కొంగు పట్టుకుంది. "పోకు బిడ్డా, పచ్చి బాలింతవు. కరుస్తది."

"మరి అది సచ్చిపోతదత్తమ్మా."

చెయ్యి పెట్టెలో పెట్టాను. గుర్రుమన్న చప్పుడు నా మోచేతి దాకా తెలిసింది. పిల్ల కప్పలా చల్లగా ఉంది. తల్లి పొట్ట కింద నుంచి చీర అంచు మెల్లగా లాగి, దాని వీపు, కడుపు, చెవుల వెనక రుద్దాను. తల్లి తల తిప్పింది. మనిషిని కింద పడేసిన ఆ నోరు నా మణికట్టుకు ఆనింది. వేడి ఊపిరి తగులుతోంది. నేను రుద్దుతూనే ఉన్నాను, ఆపితే ఏమవుతుందో తెలియక.

కాసేపటికి అది నా చేతిని మూతితో పక్కకు తోసి, పిల్లను నాకడం మొదలుపెట్టింది. తుమ్ముతూ నాకింది. వెల్లకిలా తిప్పి నాకింది. సాంబ్రాణి వాసన చివరి పోగు కూడా వదలదలుచుకోనట్టు, ఆ పిల్లను మళ్లీ కంటున్నట్టు నాకింది. తర్వాత కడుపు దగ్గరికి లాక్కుంది. పిల్ల మూతి చన్ను తప్పింది, మళ్లీ తప్పింది, ఆ తర్వాత పట్టింది. చప్ చప్‌మని చప్పుడు.

ఆ చప్పుడు వినగానే నా జాకెట్టు తడిసిపోయింది. లోపల పాప ఏడవనైనా లేదు. ఒక కుక్కపిల్ల పాలు తాగుతుంటే నాకు పాలు చేపుకొచ్చాయి.

అత్తమ్మ చూసింది. "లే బిడ్డా, పోయి పొల్లకు పాలియ్యి. గీడ నేనుంట," అంటూ గుమ్మంలో కూర్చుంది.

నేను వెంటనే లేవలేకపోయాను.