సోలార్ ప్లేటుకు గోనె ముసుగు

నిజాన్ని కొలత ప్రకారం కుట్టడం నాకు ఎన్నడూ చేతకాలేదు. నేను దర్జీని. రవిక ఒక నూలు కూడా తేడా రాకుండా కుడతాను గానీ, మాట దగ్గరికి వచ్చేసరికి రెండు వేళ్లు వదులు పెట్టకుండా ఉండలేను. ఇంటి ముందు అరుగు మీద నా మిషను, ఎదురుగా టీ కొట్టు. నాలాంటివాడికి ఇంకేం కావాలి. చిరుతపులి వచ్చి నడుముకు కొలతలిచ్చి పోయిందని చెప్పినా, టీ తాగేవాళ్లు "అడ్వాన్సు ఇచ్చినాదా" అని అడిగేవాళ్లే తప్ప కాదనేవాళ్లు కారు. ఇప్పుడు చెప్పేదాంట్లో మాత్రం వదులు లేదు. ఇందులో నేను భయపడ్డాను. భయపడ్డవాడికి కథ పెంచే ఓపిక ఎక్కడిది?

కరెంటు చార్జీలు మాటిమాటికీ పెరుగుతున్న రోజులవి. బిల్లు రాసే మనిషి వీధి మొదట్లో కనబడగానే నా భార్య ఇంట్లో బల్బులన్నీ ఆర్పేసేది, అతను చూసి తగ్గించి రాస్తాడన్నట్టు. నాకు చీకటి పడ్డాక కూడా పని ఉంటుంది. రెండు ట్యూబులైట్లు, ఒక ఫ్యాను. ముందు ఫ్యాను ఆపాను. తర్వాత కరెంటు ఇస్త్రీపెట్టె అటక మీద పెట్టి, మా మేనమామ వాడిన బొగ్గుల పెట్టె దించాను. ఒక ట్యూబు పీకేశాను. ఎంత తగ్గించినా బిల్లు తగ్గలేదు. ఇక తగ్గించడానికి మిగిలింది నా చూపు ఒక్కటే. చీకట్లో గుండీ కాజాలు కుట్టి కుట్టి కళ్ల వెంట నీళ్లు కారేవి. దర్జీకి కళ్లు పోతే ఇల్లు ఎట్లా గడుస్తుందన్నదే అప్పటి నా దిగులు.

ఆ దిగులుతోనే ఒకసారి దారాలకని కదిరికి పోయి, ఒక అంగట్లో సోలార్ ప్లేటు చూశాను. అంగడాయన ఒక్క మాటన్నాడు. "ఇది ఒకసారి కొంటే అయిపాయ. ఎండకు ఎవుడూ చార్జీ పెంచలేడన్నా." ఆ మాట నన్ను పట్టేసింది. ఎండకు మా దగ్గర కొదవా? పైరును మాడ్చే ఎండ దీపానికైనా పనికొస్తుంది కదా అనుకుని, కూడబెట్టుకున్నదంతా దాని మీద పోశాను. మెకానిక్కు వచ్చి మిద్దె మీద ప్లేటు బిగించాడు. ఇంట్లో మూలన బ్యాటరీ పెట్టి, గోడకు చిన్న డబ్బా ఒకటి తగిలించాడు. ప్లేటు ఎండను పట్టుకుంటున్నంత సేపూ ఆ డబ్బాలో పచ్చ దీపం వెలుగుతుంది. ఎండ పోతే ఆరిపోతుంది. అంతే సంగతి. ఆ నెల నుంచి నా మిషను మీద మళ్లీ వెలుగు వచ్చింది. బిల్లులో అంకె ఎంత చిన్నదైందంటే, రాసిన మనిషి మీటరును ఒకసారి తట్టి చూసుకున్నాడు.

ఆ ఏడాది ఒక్క వానకే అందరూ వేరుశనగ విత్తారు. మొలక బాగానే వచ్చింది. తర్వాత ఆకాశం మమ్మల్ని మరిచిపోయింది. మబ్బు వచ్చేది, ఊరి మీద కాసేపు నిలబడేది, పోయేది.

ఒక రోజు టీ కొట్టు దగ్గర గొర్రెల కాపరి ఒకతను అడిగాడు. "ఏమప్పా, నిన్న పక్కూర్లో మడకలు కట్టి దున్నేంత వాన పడినాది. మనూరికొచ్చేసరికి మబ్బు తప్పుకోని పోయినాది. ఏమంటావు?"

నోరు ఊరుకుంటుందా. "ఏమనాల? మబ్బు యాడ దిగుతాది? కింద నేల కాగతాంటే దిగుతాది. మా మిద్దె మీద ప్లేటు ఊరి ఎండంతా తాగతాండాది. చల్లబడిన ఊర్లో మబ్బుకేం పని? పైనుంచి చూసి పోయినాది."

"అయితే మీ ఇంట్లో చలిమంట ఏసుకున్యారా?" అన్నాడు టీ కొట్టాయన.

"చలిమంట చాల్లేదన్నా. బొంతలు కుడతాండా."

అందరూ నవ్వారు. కాపరి నవ్వలేదు. గ్లాసు పెట్టేసి మా మిద్దె వైపు ఒకసారి చూసి, గొర్రెల్ని తోలుకుని పోయాడు.

కొండ మీద గాలిమరలు లేచినప్పటి నుంచీ, అవి మబ్బుల్ని చెదరగొడుతున్నాయని చుట్టుపక్కల ఒక మాట ఉండనే ఉంది. నా అబద్ధానికి నేల ముందే దున్ని ఉందన్నమాట. కాపరి నాలుగు ఊళ్లు తిరిగే మనిషి. వారం తిరిగేసరికి నా మాట నాకే తిరిగి వచ్చింది, నేను పంపినదానికంటే బలంగా. మబ్బు వస్తే మా ప్లేటు గుయ్యిమంటుందట. బెంగుళూరులో ఇట్లాంటివి ఊరి బయట తప్ప పెట్టనివ్వరట. వింటూ, బాగా పెంచారే అని మొదట్లో మెచ్చుకున్నాను కూడా.

తర్వాత ఒక మధ్యాహ్నం రవికకు కొలతలివ్వడానికి ఒకామె వచ్చింది. నా భార్య టేపు పట్టుకుంది. వచ్చినామె కళ్లు గోడ మీది డబ్బా మీదే ఉన్నాయి. అంతలో ఎండ మీదికి మబ్బు తునక ఒకటి వచ్చింది. పచ్చ దీపం ఆరింది. మబ్బు పోయింది. దీపం వెలిగింది. ఆమె గుడ్డ మడిచి చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఇంకో ఇద్దరు తమ గుడ్డలు వెనక్కి తీసుకుపోయారు. "కత్తిరించలేదు గదా, ఇచ్చెయ్ అన్నా" అన్నారంతే.

భయం అప్పుడు తగిలింది. నేరుగా టీ కొట్టుకు పోయి అందరి ముందూ చెప్పాను. "ఆ పొద్దు నేను చెప్పింది అబద్ధం. మబ్బొస్తే ఎండ ఉండదు, ఎండ లేకుంటే దీపం ఎలగదు. దానికీ వానకూ ఏ సంబంధమూ లేదు."

టీ కొట్టాయన గ్లాసు తుడుస్తూ అన్నాడు. "ఇన్నేండ్లు నువ్వు అబద్ధం చెప్తాంటే, ఇది అబద్ధమని ఎప్పుడన్నా చెప్పినావా? ఇప్పుడెందుకు చెప్తాండావు?"



మరునాడు పొద్దున ప్లేటు మీది దుమ్ము తుడుద్దామని మిద్దె ఎక్కితే, ప్లేటుకు జానెడు దూరంలో పిడికిలంత రాయి పడి ఉంది. గురి తప్పిందో, తప్పించారో తెలియదు. కింద వీధిలో నలుగురు మగవాళ్లు నిలబడి నా వైపే చూస్తున్నారు. వాళ్లలో ఇద్దరికి పెళ్లిబట్టలు కుట్టింది నేనే. "ఏమన్నా" అని పలకరించాను. ఎవరూ పలకలేదు. 

ఆ నలుగురికంటే నన్ను ఎక్కువ భయపెట్టింది మా వీధి చివరి అవ్వ. నాలుగెకరాల ఎర్రనేల, అంతా వేరుశనగే. మొగుడు పోయాక ఒంటి చేత్తో సేద్యం చేస్తున్న మనిషి. ఆమె నా అరుగు ముందుకు వచ్చి, నా ముందే రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

"నాయనా, కాయకు ఊడలు దిగే పొద్దు. నేల రాయి మాదిరి ఉండాది. యాడ దిగల్ల అవి? ఒక నాలుగు దినాలు దాన్ని మూసిపెట్టు."

"అవ్వా, నీ కాళ్లు పట్టుకుంటా. అది ఉత్త దీపాల ప్లేటు. నేనే నగుతా చెప్పినా."

"నగుతానే చెప్పినావులే. నిజం నగుతానే బయటికొస్తాది." ఆమె గొంతులో కోపం లేదు. "నాలుగు దినాలే అడుగుతాండా. పగలగొట్టమని అడగల్యా."

అడగలేదు. అడిగేవాళ్లు వేరే ఉన్నారని ఇద్దరికీ తెలుసు.

ప్లేటుకు కొలతలు తీసుకున్నాను. నాలుగు గోనెసంచులు విప్పి అతికి, అంచులు మడిచి, తాడు దూర్చి ముసుగు కుట్టాను. నా జన్మలో అంత జాగ్రత్తగా పెళ్లికొడుక్కి కూడా కుట్టలేదు. నా భార్య పక్కన నిలబడి చూసింది.

"గుండీలు పెట్టవా?" అంది.

"ఊరుకో. నాలుగు దినాలు."

"సరే. నాలుగు దినాల్లో వాన పడకుంటే?"

"పడకుంటే మంచిదే. ప్లేటు తప్పు లేదని తెలుస్తాది."

"పడితే?"

సూది నా వేలికి దిగింది. అప్పటిదాకా నాకు తట్టలేదు. మూసిన తర్వాత వాన పడితే ఇక ఆ ముసుగు జన్మలో తీయలేను. ఇంతకాలం వానను ఆపినవాడిని నేనేనని రుజువైపోతుంది. ఎండిన ప్రతి చేనూ నా లెక్కలోకి వస్తుంది.

ఆ నాలుగు రోజులూ ఎట్లా గడిపానో చెప్పాలంటే సిగ్గు. ఊరి వెనక మాకూ ఎకరన్నర చేను ఉంది. అందులోనూ ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి. ఈ నేల మీద పుట్టినవాడెవడూ మొక్కని మొక్కు నేను మొక్కాను. వాన రావద్దని. పొద్దున లేస్తూనే ఆకాశం చూసేవాడిని. తెల్లగా, ఖాళీగా ఉంటే గుండె కుదుటపడేది. మరుక్షణం అవ్వ చేను గుర్తొచ్చి అన్నం దిగేది కాదు. నాలుగో రోజు సాయంత్రానికి మబ్బు లేదు. ఇంకొక్క రాత్రి గడిస్తే బతికాననుకున్నాను.

అయిదో రోజు ముసుగు తీద్దామని అనుకుంటూనే, ఎవరి ముందు తీయాలో తెలియక మధ్యాహ్నం దాకా నానబెట్టాను. ఆ ఆలస్యమే కొంప ముంచింది. రెండు గంటలప్పుడు పడమట నల్లగా లేచింది. ఉత్త మబ్బు కాదు. చల్లగాలి ముందు తోసుకుంటూ వచ్చింది. జనం మిద్దెలెక్కారు. నేనూ ఎక్కాను, వేరే పని మీద.

చినుకు పడకముందే ముసుగు లాగేస్తే చాలు. తెరిచిన ప్లేటు మీద వాన పడితే అందరి కళ్ల ముందూ నేను నిర్దోషిని. ముడి అట్లాంటిదే వేశాను, కొస పట్టి లాగితే ఊడివస్తుంది. తాడు కొస వేళ్ల మధ్యకు తీసుకున్నాను. అప్పుడు కింద అవ్వ కనిపించింది. వీధి నడుమ నిలబడి ఉంది. అందరూ మబ్బును చూస్తుంటే ఆమె ఒక్కతే నా చేతిని చూస్తోంది.

లాగాక మబ్బు పోతే? మా ఊరి మీద నిలబడి పోయిన మబ్బులు ఆ ఏడు ఎన్ని లేవు. ఇదీ పోతే, చూస్తూ చూస్తూ తెరిచి తరిమినవాడినవుతాను. రాయి ఈసారి ప్లేటు మీదికి రాదు. నా మీదికి వస్తుంది. అది నాకు అర్థమయ్యే భయమే. దాని కింద ఇంకొకటి ఉంది. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఒకవేళ నిజమైతే? నా నోటి నుంచి, నేను అల్లిన మాట. అల్లినప్పుడు గ్లాసులో టీ ఇంకా వేడిగా ఉంది. అయినా తాడు పట్టుకున్న నా వేళ్లకు అది అబద్ధమని తెలియనట్టే ఉంది. లాగలేకపోయాను. ఒకసారి కాదు, మూడుసార్లు.

మొదటి చినుకులు గోనె మీద పడ్డాయి. తర్వాత కుండపోత. గంటకు పైగా కురిసింది. నేను తాడు పట్టుకునే తడిశాను. కింద అవ్వ వానలోనే నా వైపు తిరిగి మళ్లీ చేతులెత్తింది.

మరునాడు టీ కొట్టాయన నా దగ్గర దుడ్లు తీసుకోలేదు. వెనక్కి పోయిన గుడ్డలన్నీ తిరిగి వచ్చాయి, కొత్తవి కూడా. "పంట ఇంటికొచ్చేదాకా మూసే ఉంచన్నా" అన్నారు, బతిమాలినట్టే. ఆ మర్యాద రాయికంటే బరువుగా ఉంది. నిజం చెప్పబోతే "నీకు గొప్ప చెప్పుకోవడం ఇష్టం లేదులే" అని నవ్వేవాళ్లు. ఇంట్లో మళ్లీ కరెంటు దీపం వెలిగింది. మీటరు తిరిగింది. పెరిగిన రేటు ప్రకారం బిల్లు వచ్చింది. గోనె కింద ప్లేటు ఉంది.

పదిహేను రోజులకు పక్క ఊరి నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. అరుగు మీద కూర్చుని, నీళ్లు తాగి, చాలా నెమ్మదిగా అడిగారు. "మీకు పడినాది గదన్నా. మీరు మూసినప్పటి నుంచి మబ్బు ఈడనే నిలబడతాండాది. మా దిక్కు రావడం ల్యా. రవ్వంత తెరువు." వాళ్లు వీధి దాటే లోపలే మా ఊరివాళ్లు ముగ్గురు వచ్చి నిలబడ్డారు. "వాళ్లేమడిగినారు? నువ్వేం చెప్పినావు?"

ఆ వారమే ప్లేటును ఆటోలో వేసి కదిరి అంగడాయనకు తిరిగి ఇచ్చేశాను. పొలిమేర దాటేదాకా ముసుగు తీయొద్దని మా ఊరివాళ్లు ఆటో వెంట నడిచారు. పక్క ఊరి మీదుగా పోయేటప్పుడు అక్కడివాళ్లూ తీయనివ్వలేదు. అంగడాయన ముసుగు తీసి ప్లేటును అటూ ఇటూ తిప్పి చూసి, "బాగానే ఉండాది గదా, ఎందుకిస్తాండావు?" అన్నాడు. మిద్దె మీద ఎండ సరిపోవడం లేదన్నాను.

కొన్నాళ్లకు దాన్ని ఎవరికి అమ్మాడని అడిగితే ఒక ఊరి పేరు చెప్పాడు. అడగకుండా ఉండాల్సింది. తర్వాత రెండేళ్లు ఆ ఊళ్లో వానలు లేవని విన్నాను. మాకూ లేవు. జిల్లాలో ఏ ఊరికీ సరిగా లేవు. అది ప్లేటు వల్ల కాదని నాకంటే బాగా తెలిసినవాడు లోకంలో లేడు. అయినా ఆ దారిన పోయే బస్సు ఎక్కను. ఆ ఊరి మనిషి ఎవరైనా బట్టలు కుట్టమని వస్తే పని ఎక్కువగా ఉందని పంపేస్తాను. ఆ ప్లేటు ఏ ఊరికి పోయిందని నా భార్య ఎన్నోసార్లు అడిగింది. గుర్తు లేదని చెబుతాను. ఆమె నా మొహం చూసి లోపలికి పోతుంది.