మరియమ్మ కొడుక్కి వచ్చిన టెలిగ్రాం

ముప్పై ఏళ్ళకు పైగా పత్రికల్లో పనిచేశాను. ఎవరో దాచిన సంగతిని బయటికి లాగడమే నా ఉద్యోగం. నేను దాచినది మాత్రం దాదాపు యాభై ఏళ్ళుగా నా దగ్గరే ఉంది. మోయగా మోయగా బరువు అలవాటవుతుందంటారు. కాలేదు. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

డెబ్బైల నాటి మాట. మాది తిరువూరు. బజారులో నాన్నకు ఎరువుల కొట్టు, వినగడపలో పొలం. ఆ పొలంలో కలుపు తీయడానికి వచ్చే ఆ ఊరి మరియమ్మ కొడుకూ నేనూ ఒకే ఇంజనీరింగు కాలేజీలో మొదటి ఏడు చదివాం. అతన్ని యోహాను అంటాను. అసలు పేరు అది కాదు. దేశమంతా పేరున్న ఒక విశ్వవిద్యాలయం, రెండో సంవత్సరంలో మిగిలిపోయిన సీట్లకు బయటి కాలేజీల వాళ్ళను తీసుకుంటుందని తెలిసింది. ఎంతోమంది రాస్తే ఇద్దరికో ముగ్గురికో దక్కేది. ఇద్దరం దరఖాస్తు పెట్టాం. ఫారం మీద యోహాను మా కొట్టు చిరునామా రాశాడు.

దానికో కారణం ఉంది. ఆ రోజుల్లో పల్లెల్లో టెలిగ్రాం అంటే చావు కబురే. విప్పకముందే ఏడుపులు మొదలయ్యేవి. డ్యాం పనులకు వెళ్ళిన యోహాను తండ్రి పోయాడని తెలిసింది కూడా టెలిగ్రాంతోనే. ఆ తర్వాత ఖాకీ చొక్కా మనిషి సైకిలు మీద వీధిలోకి వస్తే చాలు, మరియమ్మ ఉన్నచోటే కూలబడిపోయేదట. సీటొచ్చిందనే టెలిగ్రామైనా సరే, ఆ గుమ్మంలోకి రాకూడదని అతని పట్టుదల.

వేసవి సెలవుల్లో ఒక సోమవారం అది వచ్చింది. కొట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. సంతకం పెట్టి తీసుకున్నాను. పేరు అతనిది. ఒరిజినల్ సర్టిఫికెట్లతో శనివారంలోగా స్వయంగా హాజరు కావాలి, లేకపోతే సీటు మరొకరికి పోతుంది. రెండుసార్లు చదివాను. తర్వాత పోస్టాఫీసుకు వెళ్ళి, నా పేరున ఇంకేమైనా ఉందా అని అడిగాను. లేదన్నారు.

మధ్యాహ్నం బస్సుకే వినగడప వెళ్ళవచ్చు. ఎందుకు వెళ్ళలేదు? అతను పోతే ఆ కాలేజీలో ఒంటరినైపోతానని భయపడ్డానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది పూర్తిగా అబద్ధం కాదు. అసలు సంగతీ కాదు. ఆ రోజు నా మనసులో మెదిలిన మాట ఇది: మరియమ్మ కొడుక్కి రావడమేమిటి, నాకు రాకపోవడమేమిటి? యోహానుకి అని కూడా అనుకోలేదు, చూడండి. హాస్టల్లో నా పక్క మంచం వాడు, నా డ్రాయింగు షీట్లన్నీ సరిదిద్ది పెట్టినవాడు, నా లోపల మాత్రం అన్నాళ్ళూ మా పొలం గట్టు మీదే నిలబడి ఉన్నాడన్నమాట.

బుధవారం అతనే వచ్చాడు. సంచినిండా మామిడిపళ్ళు.

"మా అమ్మ పంపింది. ఉత్తరాలకి మీ కొట్టు వాడుకుంటున్నాంగా, కిరాయి అనుకో. ఏరా, ఏమన్నా వచ్చిందా?"

"లేదురా."

"టెలిగ్రాం కూడానా?"

"వస్తే దాచుకుంటానా?"

"ఏమో, మీ యూరియా బస్తాల కింద పడిందేమో చూడరాదూ."

నవ్వాను. నిజంగానే నవ్వాను. అది నా చొక్కా జేబులో ఉంది.

మళ్ళీ అతనే అన్నాడు. "నీక్కూడా రాలేదుగా. పోన్లే. నిన్నొదిలి నేనొక్కణ్ణే ఎట్టా పోతానా అనుకున్నా. ఇద్దరం ఇక్కడే ఏడుద్దాం."

అప్పటికింకా సమయం ఉంది. ఇది మీరు గమనించాలి. సాయంత్రం బస్సుకు విజయవాడ చేరితే రైలు దొరికేది. బస్టాండు దాకా వెంట వెళ్ళాను. అతను ఊరికి ఎక్కాల్సిన గంపలగూడెం బస్సు అరగంట ఆలస్యం. గోళీసోడా తాగాం. ఆ అరగంటలో ఎన్నిసార్లు నా చెయ్యి జేబు మీదికి వెళ్ళిందో. బస్సు వచ్చింది, ఎక్కాడు, కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

శనివారం గడిచాక దాన్ని పొయ్యిలో వేశాను. ఇప్పుడు చూపించడానికి కాగితం లేదు. నా మాటే ఉంది.

మూడో ఏట నేను చదువు వదిలేసి పత్రికలో చేరాను. యోహాను అదే కాలేజీలో పూర్తిచేసి, కాలవల మీద ఇంజనీరుగా పనిచేసి మంచి పేరు తెచ్చుకున్నాడు. అతనేం చెడిపోలేదు కదా అని చాలాకాలం సర్దుకున్నాను. రిటైరైనప్పుడు తిరువూరులో సన్మానం చేశారు. నన్ను పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. మైకు పట్టుకుని అన్నాడు: "కుర్రతనంలో పెద్ద చోటికి రాసుకున్నానండి. వాళ్ళు పిలవలేదు. మన స్థాయి ఏంటో ఆ రోజే తెలిసొచ్చింది. తర్వాత దేనికీ ఎగబడలేదు."

చప్పట్లు కొట్టారు. వినయం అనుకున్నారు.

అంతవరకూ సీటు ఒక్కటే పోయిందనుకుంటూ వచ్చాను. పై చదువులకు ఎందుకు రాయలేదో, ప్రమోషన్ల పోటీ వచ్చినప్పుడల్లా తనే ఎందుకు పక్కకు తప్పుకునేవాడో అప్పుడు అర్థమైంది. చెప్పేయాలనుకున్నాను. శాలువా కప్పుకుని తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. "బాగానే మాట్లాడానంటావా?" అన్నాడు. బాగా మాట్లాడావన్నాను.

ఇందులో పేర్లు మార్చాను. టెలిగ్రాం మార్చలేదు, మామిడిపళ్ళు మార్చలేదు. పేపరు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివే మనిషి అతను. ఇది అచ్చయితే చూస్తాడు. క్షమించమని అడగను. అడిగే హక్కు ఆ బస్టాండులోనే పోగొట్టుకున్నాను. కానీ రాసేశాక ఊపిరి కాస్త కిందిదాకా దిగుతోంది. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు. నీకు చేరాల్సిన కబురు మాత్రం ఒకటుంది.

నిన్ను పిలిచార్రా. సోమవారమే పిలిచారు.