కాలు చూసిన టీచరమ్మ

మా బడి డ్రిల్లు టీచరమ్మ పోయారని అమ్మ కార్డు రాసింది. నేను మెదక్ చేరేసరికి ఆవిణ్ణి మట్టి చేసేశారు. బడిలో సంతాపసభ మాత్రం దొరికింది. వేదిక మీద మా ఊరి డాక్టరు ఆవిడ ఫొటోకి దండ వేసి, "క్రమశిక్షణకు మారుపేరు" అంటూ గొంతు సవరించుకున్నాడు. ఒకప్పుడు ఆవిడ మీద ఫిర్యాదు చేసింది ఆ నోరే.

చీర కింద కాన్వాసు బూట్లతో చర్చికి కూడా వచ్చే మనిషి ఆవిడ. ఊదే ముందు ఈలను ప్రతిసారీ కొంగుతో తుడిచేవారు. మేం ఆయాసపడితే, "ఊపిరి దాసుకుంటరెందుకే, అదేమన్న పెట్టెల వెట్టే పట్టుచీరనా?" అని నవ్వించేవారు.

పదో తరగతిలో నన్ను హైదరాబాదు పరుగుపందేలకు ఎంపిక చేశారు. సాధనలో ఒకనాడు తొడ ముందు కండ పుటుక్కుమంది. ఇంటికొచ్చిన డాక్టరు గడప దగ్గరే ఆగాడు. ఆడపిల్ల తొడ చూడటం మర్యాద కాదట. లంగా మీంచే నాయనమ్మ నొక్కి చూసి ఎలా ఉందో చెబితే, ఆయన గడప అవతలి నుంచే విన్నాడు.

"బెణికింది, గంతే. నూనె వెచ్చవెట్టి గట్టిగ రుద్దుండ్రి. వారంల ఉరుకుతది."

ఎంత మర్యాదస్తుడోనని బాపు మురిసిపోయాడు.

సాయంత్రం టీచరమ్మ వచ్చి, తలుపు గడియ పెట్టి, లంగా పైకి జరిపి, వేలితో మెల్లగా తడిమారు. "కండ తెగింది. గిక్కడ గుంత వడ్డది. రుద్దకుండ్రి."

"డాక్టరు సదువు ఆయన సదివిండు టీచరమ్మా. మీరు డ్రిల్లు జెప్పుండ్రి" అన్నాడు బాపు.

"ఆయన లంగ జూసిండు సార్, కాలు జూడలే."

నాయనమ్మ రోజూ రుద్దింది. నేను అరిస్తే దొంగ ఏడుపన్నారు. డాక్టరేమో, టీచరమ్మ తన మాట కాదన్నారని తెలిసి, బడికి వెళ్ళి, టీచరు తలుపేసి పిల్లకు గుడ్డలు తప్పించిందని చెప్పాడు. పెద్ద టీచరు నన్ను అడిగారు: "నిజమేనా?" నేను తలూపాను. ఎందుకు తప్పించారో మాత్రం చెప్పలేదు. టీచరమ్మ చేత క్షమాపణ కాగితం రాయించారు. ఆ డాక్టరును తలుచుకుంటే ఎంత రోత పుడుతుందో, నేను తలూపడాన్ని తలుచుకున్నా అంతే.

రెండు నెలలకు తొడలో రాయిలా గట్టిపడింది, మోకాలు వంగడం మానేసింది. "ఆడివిల్లలు ఉరికితే గిట్లనే అయితది" అన్నాడు డాక్టరు. బాపుతో పోట్లాడి, అమ్మనూ నన్నూ హైదరాబాదు పెద్ద దవాఖానాకు తీసుకుపోయింది టీచరమ్మే. అక్కడి డాక్టరు ఎక్స్‌రే చూసి, తెగిన కండలో ఎముక పుట్టిందన్నాడు. ఇక పరుగు లేదు, మోకాలు కొంత వంగితే అదే ఎక్కువ.

"దీన్ని రుద్దిందెవరు?" అని గద్దించాడు.

అమ్మ తల దించుకుంది. టీచరమ్మ అన్నారు: "అయిందేదో అయింది సార్. ఇప్పుడేం జెయ్యాల్నో చెప్పుండ్రి."

తిరుగు బస్సులో నా కాలు తన ఒడిలో చాపించుకున్నారు.

"కాలు దించుమనుండ్రమ్మా, సీటు మనుషులకు" అన్నాడు కండక్టరు.

"కాలు నా మీదున్నది, నీ సీటు మీద లేదు. పో."

చేగుంట దాటాక రోడ్డంతా గతుకులు. గతుకు రాకముందే కనిపెట్టి, ఆవిడ రెండు చేతులతో నా కాలిని గాల్లోకి ఎత్తి పట్టుకునేవారు. బస్సు కుదుటపడ్డాక మెల్లగా ఒడిలోకి దించేవారు. మెదక్ వచ్చేదాకా ఆవిడ చూపు రోడ్డు మీదే ఉంది.